కొత్త ఎస్‌ఎస్‌డీ వేసినా కంప్యూటర్ పాత డ్రైవ్ నుంచే తెరుచుకుంటోందా? ఫైళ్లు పోకుండా ఇలా సరిచేసుకోండి

పాత కంప్యూటర్‌కు కొత్తగా ఎస్‌ఎస్‌డీ వేయించారు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు ఆన్ చేస్తే పాత వాల్‌పేపర్, పాత ఐకాన్లు ప్రత్యక్షమయ్యాయి. నిన్న రాత్రి సేవ్ చేసిన ఉద్యోగ దరఖాస్తు పీడీఎఫ్ లేదు. స్కాన్ చేసి పెట్టుకున్న కుల ధ్రువీకరణ పత్రం లేదు. డిజిటల్ సంతకం టోకెన్ పెడితే కంప్యూటర్ గుర్తించడం లేదు. దరఖాస్తు గడువేమో రేపటితో ముగుస్తోంది.

ఇలాంటప్పుడు వైరస్ వచ్చిందనో, డ్రైవ్ పాడైందనో అనుకుని ఫార్మాట్ చేయిస్తే అప్పటిదాకా భద్రంగా ఉన్న ఫైళ్లు నిజంగానే పోతాయి. చాలా సందర్భాల్లో జరిగింది ఒక్కటే: కంప్యూటర్ మీరు అనుకున్న డ్రైవ్ నుంచి కాకుండా రెండో డ్రైవ్ నుంచి మొదలైంది. మీ ఫైళ్లు పక్క డ్రైవ్‌లో ఉన్నచోటే ఉన్నాయి. దీన్ని సరిచేయడానికి పట్టేది పది, పదిహేను నిమిషాలు. అయితే ఏ డ్రైవ్ నుంచి నడుస్తోందో తేల్చుకోకుండా దేన్నీ చెరపకూడదు.

ఈ పేజీని ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకోండి. మధ్యలో కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాల్సి ఉంటుంది.

అసలు ఇలా ఎందుకు జరుగుతుంది?

పవర్ బటన్ నొక్కగానే ముందు పనిచేసేది విండోస్ కాదు. మదర్‌బోర్డులో ఉండే ఒక చిన్న ప్రోగ్రామ్. పాత కంప్యూటర్లలో దీన్ని బయోస్ అనేవారు. ఇప్పటి వాటిలో ఉన్నది యూఈఎఫ్‌ఐ. వాడుకలో రెండింటినీ బయోస్ అనే అంటున్నారు.

దీని దగ్గర ఒక జాబితా ఉంటుంది. ముందు ఏ డ్రైవ్‌ను చూడాలి, అక్కడ విండోస్ దొరకకపోతే తర్వాత దేన్ని చూడాలి అనే వరుస అది. దాన్నే బూట్ ఆర్డర్ అంటారు. మొదటి డ్రైవ్‌లో పనిచేసే విండోస్ దొరికితే అక్కడితో వెతకడం ఆపేస్తుంది. రెండో డ్రైవ్‌లో ఇంకా కొత్త విండోస్ ఉన్నా దాని జోలికి వెళ్లదు.

ఈ వరుస తారుమారు కావడానికి సాధారణంగా కనిపించే కారణాలు ఇవి:

- పాత డ్రైవ్‌ను ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసి, రెండింటినీ కంప్యూటర్‌లోనే ఉంచేయడం. రెండింటిలోనూ విండోస్ ఉంటుంది కాబట్టి ఏది ముందుంటే అది తెరుచుకుంటుంది.
- బయోస్ అప్‌డేట్ కావడం, లేదా ఎవరైనా సెట్టింగులను మొదటి స్థితికి మార్చడం.
- శుభ్రం చేసేటప్పుడు డ్రైవ్ కేబుల్ తీసి మళ్లీ పెట్టడం.
- పెన్‌డ్రైవ్ లేదా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టి ఉంచడం.
- మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోవడం.

పాత డ్రైవ్ నుంచి తెరుచుకుంటే వచ్చే ఇబ్బంది నెమ్మదిగా నడవడం ఒక్కటే కాదు. పాత డ్రైవ్‌లో ఉన్నది విండోస్ 10 అయితే, దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందులోని బ్రౌజర్, యాంటీవైరస్ కూడా నెలల తరబడి అప్‌డేట్ కాకుండా పడి ఉండొచ్చు. అలాంటి దాంట్లో బ్యాంకు లావాదేవీలు, ఆధార్, పాన్‌తో ముడిపడిన పనులు చేయడం మంచిది కాదు.

ఏ డ్రైవ్ నుంచి నడుస్తోందో ఎలా తెలుసుకోవాలి?

చాలామంది 'సీ డ్రైవ్' చూసి తేల్చేస్తారు. అక్కడే పొరపాటు పడతారు. ఏ విండోస్ అయినా మామూలుగా తాను ఉన్న చోటునే 'సీ' అని పిలుచుకుంటుంది. రెండోదానికి 'డీ' అనో 'ఈ' అనో పేరు పెడుతుంది. అంటే పాత విండోస్‌లో ఉన్నప్పుడు పాత డ్రైవే 'సీ'. కొత్త విండోస్‌లోకి వెళ్తే కొత్త డ్రైవే 'సీ'. కాబట్టి ఆ అక్షరాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

సరైన పద్ధతి ఇది. కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో 'పెర్ఫార్మెన్స్' విభాగానికి వెళ్లండి. ఎడమవైపు 'డిస్క్ 0', 'డిస్క్ 1' అని కనిపిస్తాయి. 'సీ' అక్షరం ఏ డిస్క్ పక్కన ఉందో దాని మీద క్లిక్ చేయండి. అది ఎస్‌ఎస్‌డీనా, హెచ్‌డీడీనా, మోడల్ పేరేంటి, సైజు ఎంత అనేవి అక్కడ ఉంటాయి. 'సిస్టమ్ డిస్క్' ఎదురుగా 'ఎస్' అని ఉంటే ప్రస్తుత విండోస్ అందులోదే.

రెండూ ఎస్‌ఎస్‌డీలే అయితే మోడల్ పేరు, సైజు బట్టి గుర్తుపట్టండి. 0, 1 అనే అంకెలను పట్టించుకోవద్దు. వాటికీ బూట్ ఆర్డర్‌కూ సంబంధం లేదు.

గడువు దగ్గర పడితే ముందు ఫైలు తీసుకోండి

అర్జంటుగా కావాల్సిన ఫైలు ఉంటే దాన్ని బయటికి తీశాకే రిపేరు మొదలుపెట్టండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో రెండో డ్రైవ్ తెరవండి. 'యూజర్స్' ఫోల్డర్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్తే 'డెస్క్‌టాప్', 'డాక్యుమెంట్స్', 'డౌన్‌లోడ్స్' కనిపిస్తాయి. అనుమతి లేదని సందేశం వస్తే 'కంటిన్యూ' నొక్కండి. డెస్క్‌టాప్ ఫోల్డర్ ఖాళీగా ఉంటే పక్కనే ఉన్న 'వన్‌డ్రైవ్' ఫోల్డర్ కూడా చూడండి.

దొరికిన ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, దాని మీదే పని పూర్తి చేయండి. పాత విండోస్‌లోకి కాపీ చేసి అక్కడ మార్పులు చేస్తే ఒకే ఫైలుకు రెండు రూపాలు తయారవుతాయి. వారం తర్వాత ఏది అసలైందో తేల్చుకోవడం కష్టం.

ప్రభుత్వ పత్రాల కోసమే కంగారు పడుతుంటే ఫోన్‌లో డిజిలాకర్ చూడండి. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి, మీ బోర్డు అందులో ఉంచితే మార్కుల మెమోలు అక్కడి నుంచి మళ్లీ తీసుకోవచ్చు.

డిజిటల్ సంతకం టోకెన్ పనిచేయకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మీరు రోజూ వాడే విండోస్‌లో మాత్రమే ఉండి ఉంటుంది. సరైన డ్రైవ్ నుంచి తెరిచి చూసేదాకా కొత్త టోకెన్ కొనకండి.

మొదలుపెట్టే ముందు ఈ 4 పనులు చేయండి

1. బిట్‌లాకర్ కీ దగ్గర పెట్టుకోండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్‌కు రహస్య తాళం ఉంటుంది. దీన్ని బిట్‌లాకర్ లేదా డివైజ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. బయోస్‌లో మార్పు చేస్తే, ఎవరో డ్రైవ్‌ను తెరవడానికి ప్రయత్నిస్తున్నారని భావించి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఫోన్ బ్రౌజర్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అయి, డివైజ్‌ల విభాగంలో ఈ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ విభాగాన్ని అడగకుండా ఏమీ మార్చకండి.

2. పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు, మెమరీ కార్డులు అన్నీ తీసేయండి. ఒక్కోసారి సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

3. 'షట్‌డౌన్' కాకుండా 'రీస్టార్ట్' వాడండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కంప్యూటర్ పూర్తిగా ఆగదు. కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో మరో డ్రైవ్ నుంచి తెరిచి ఫైళ్లు మారిస్తే అవి దెబ్బతినే ప్రమాదం ఉంది. డ్రైవ్ ఊడదీయాల్సి వస్తే షిఫ్ట్ కీ నొక్కి ఉంచి షట్‌డౌన్ చేయండి. అప్పుడు పూర్తిగా ఆగుతుంది.

4. బయోస్‌లోకి వెళ్లగానే, ఏదీ మార్చకముందే ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తేడా వస్తే ఆ ఫొటోలు చూసి వెనక్కి రావచ్చు.

ముందు ఒకసారికి మాత్రం మార్చి చూడండి

శాశ్వతంగా మార్చేముందు, కొత్త డ్రైవ్ నుంచి అసలు తెరుచుకుంటుందా అన్నది పరీక్షించాలి. దానికి బూట్ మెనూ ఉంది. కంప్యూటర్ రీస్టార్ట్ అయి కంపెనీ పేరు కనిపించేలోపే కింది కీని వరుసగా నొక్కుతూ ఉండాలి.

- డెల్: ఎఫ్12
- హెచ్‌పీ: ముందు ఎస్కేప్, తర్వాత ఎఫ్9
- లెనోవో: ఎఫ్12. కొన్ని ల్యాప్‌టాప్‌లకు పక్కన నోవో అనే చిన్న బటన్ ఉంటుంది, పిన్నుతో నొక్కాలి
- ఏసర్: ఎఫ్12. కొన్ని మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఈ మెనూను ఆన్ చేయాలి
- ఆసుస్ ల్యాప్‌టాప్: ఎస్కేప్
- అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్: ఆసుస్ బోర్డుకు ఎఫ్8, గిగాబైట్‌కు ఎఫ్12, ఎంఎస్‌ఐకి ఎఫ్11

మోడల్‌ను బట్టి ఈ కీలు కొద్దిగా మారవచ్చు. చాలా కంప్యూటర్లలో ఆన్ చేయగానే తెర కింది భాగంలో ఏది నొక్కాలో ఒక్క క్షణం కనిపిస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాలి.

మెనూలో డ్రైవ్‌ల మోడల్ పేర్లు కనిపిస్తాయి. కొన్నిటి ముందు 'విండోస్ బూట్ మేనేజర్' అని ఉంటుంది. కొత్త డ్రైవ్ పేరున్న దాన్ని ఎంచుకుని ఎంటర్ నొక్కండి. మీ అలవాటైన డెస్క్‌టాప్ వచ్చి, ఫైళ్లన్నీ కనిపిస్తే సమస్య వరుసలోనే ఉందని తేలిపోయినట్టే. టాస్క్ మేనేజర్‌లో మరోసారి చూసి నిర్ధారించుకోండి.

శాశ్వతంగా మార్చడం ఎలా?

బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి డెల్, ఏసర్, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్2, థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్1, అసెంబుల్ డెస్క్‌టాప్‌లలో డిలీట్ కీ వాడతారు.

కీ నొక్కడానికి సమయం చిక్కకపోతే మరో దారి ఉంది. విండోస్‌లో షిఫ్ట్ నొక్కి ఉంచి 'రీస్టార్ట్' క్లిక్ చేయండి. నీలం తెర వస్తుంది. 'ట్రబుల్‌షూట్', 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్', 'యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్' వరుసగా ఎంచుకుంటే కంప్యూటర్ నేరుగా బయోస్‌లోకి వెళ్తుంది. బాగా పాత కంప్యూటర్లలో ఈ చివరి ఆప్షన్ ఉండదు.

లోపల 'బూట్' అనే పేజీ వెతకండి. 'బూట్ ఆప్షన్ 1' లేదా 'బూట్ ప్రయారిటీ' దగ్గర కొత్త డ్రైవ్‌ను పైకి తీసుకురండి. వస్తువును పైకి, కిందికి జరపడానికి ఏ కీ వాడాలో తెర పక్కనే రాసి ఉంటుంది. తర్వాత ఎఫ్10 నొక్కి, సేవ్ చేయాలా అని అడిగితే 'ఎస్' అనండి.

కొన్ని డెస్క్‌టాప్ బోర్డుల్లో ఒక చిక్కు ఉంది. ప్రధాన జాబితాలో ఒక్క హార్డ్‌డిస్క్ పేరే కనిపిస్తుంది, రెండోది ఉండదు. కంగారు పడకండి. అదే పేజీలో కింద 'హార్డ్ డ్రైవ్ బీబీఎస్ ప్రయారిటీస్' అనే మరో జాబితా ఉంటుంది. ముందు అందులో వరుస మార్చి, తర్వాత పైజాబితాకు రండి.

ఇక్కడే మూడు సెట్టింగులను ముట్టుకోవద్దు: 'సెక్యూర్ బూట్', 'సీఎస్ఎం' లేదా 'లెగసీ' మోడ్, 'సాటా మోడ్'. ఇవి మార్చితే పనిచేస్తున్న విండోస్ కూడా తెరుచుకోకుండా పోవచ్చు.

కొత్త డ్రైవ్ జాబితాలోనే లేకపోతే?

బయోస్‌లో ఎక్కడా దాని పేరు లేకపోతే కేబుల్ వదులైందనో, స్లాట్‌లో సరిగా కూర్చోలేదనో అర్థం. పేరు కనిపిస్తూ, బూట్ జాబితాలో మాత్రం లేకపోతే ఆ డ్రైవ్‌లో బూట్ ఫైళ్లు లేకపోయి ఉండొచ్చు. మరో కారణం కూడా ఉంది. కొన్ని పాత మదర్‌బోర్డులు ఎన్‌వీఎంఈ రకం డ్రైవ్‌ను ఫైళ్లు దాచుకోవడానికి వాడుకోగలవు కానీ దాని నుంచి మొదలుకాలేవు. అలాంటి వాటికి సాటా ఎస్‌ఎస్‌డీయే సరైనది. అప్‌గ్రేడ్‌కు డబ్బు కట్టేముందే ఈ విషయం అడగండి.

మార్చినా మళ్లీ మొదటికే వస్తోందా?

కంప్యూటర్‌లో తేదీ, సమయం చూడండి. ఆన్ చేసిన ప్రతిసారీ ఎప్పటిదో పాత తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయినట్టే. అది ఉన్నంతవరకే బయోస్ తన సెట్టింగులను గుర్తుంచుకుంటుంది. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. తేదీ తప్పుగా ఉంటే ప్రభుత్వ, బ్యాంకు వెబ్‌సైట్లు 'కనెక్షన్ సురక్షితం కాదు' అని తెరుచుకోకపోవచ్చు. అది కూడా ఈ బ్యాటరీతోనే సరవుతుంది.

ఆన్ చేయగానే రెండు విండోస్‌లలో ఏది కావాలని అడుగుతుంటే?

ఇది బయోస్ పని కాదు, విండోస్ సొంత జాబితా. సరైన విండోస్‌లోకి వెళ్లి, స్టార్ట్ మెనూలో 'సిస్టమ్ కాన్ఫిగరేషన్' అని వెతికి తెరవండి. 'బూట్' విభాగంలో 'కరెంట్ ఓఎస్' అని రాసి ఉన్నది మీరు ఇప్పుడు వాడుతున్నది. దాన్ని ఎంచుకుని 'సెట్ యాజ్ డిఫాల్ట్' నొక్కండి. ఇక నుంచి మీరేమీ ఎంచుకోకపోయినా అదే తెరుచుకుంటుంది. 'డిలీట్' నొక్కితే జాబితాలో పేరు మాత్రమే పోతుంది, డ్రైవ్‌లోని ఫైళ్లు పోవు. అయినా కొన్నాళ్లు ఆగాకే ఆ పని చేయండి.

పాత డ్రైవ్ ఫార్మాట్ చేసేయొచ్చా?

ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. పాత డ్రైవ్ కంప్యూటర్‌లో ఉండగానే కొత్త డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే, విండోస్ కొత్త డ్రైవ్‌లోకి వెళ్లినా దాన్ని మొదలుపెట్టే బూట్ ఫైళ్లు పాత డ్రైవ్‌లోనే ఉండిపోవచ్చు. ఇల్లు కొత్తదే, తాళంచెవి మాత్రం పాత ఇంట్లో ఉండిపోయినట్టు. పాత డ్రైవ్‌ను ఫార్మాట్ చేయగానే కొత్తది కూడా తెరుచుకోదు.

కాబట్టి ముందు ఈ పరీక్ష చేయండి. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, ప్లగ్ తీసేసి, పాత డ్రైవ్ కేబుల్ ఊడదీయండి. ల్యాప్‌టాప్ అయితే, ముఖ్యంగా వారంటీ ఉంటే, సర్వీస్ సెంటర్‌లో చేయించండి. ఇప్పుడు ఆన్ చేయండి. విండోస్ మామూలుగా తెరుచుకుంటే కొత్త డ్రైవ్ సొంత కాళ్ల మీద నిలబడినట్టే. 'నో బూటబుల్ డివైజ్' అని వస్తే ఏమీ పోలేదు. మళ్లీ ఆపి, కేబుల్ పెట్టేస్తే మునుపటిలాగే నడుస్తుంది. బూట్ ఫైళ్లను కొత్త డ్రైవ్‌లోకి చేర్చేదాకా పాతదాన్ని కదిలించకండి.

క్లోన్ చేయించినవారు కూడా క్లోన్ పూర్తయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డ్రైవ్ తీసేసి ఆన్ చేయడం మంచిది. ఒకేలా ఉన్న రెండు డ్రైవ్‌లను చూసి విండోస్ తికమకపడి, ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేసే అవకాశం ఉంటుంది.

షాపుకు తీసుకెళ్తే ఏం చెప్పాలి?

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లినా, మీ వీధి చివరి షాపుకు వెళ్లినా 'కంప్యూటర్ ఆన్ కావట్లేదు' అని మాత్రం చెప్పకండి. ఆ మాట వింటే ముందు గుర్తొచ్చే పరిష్కారం ఫార్మాటే. బదులుగా ఇలా చెప్పండి: "రెండు డ్రైవ్‌లు ఉన్నాయి. బూట్ ఫైళ్లు పాత డ్రైవ్‌లో ఉండిపోయాయి. కొత్త డ్రైవ్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ పెట్టి బీసీడీబూట్ చేయండి. ఏ డ్రైవ్‌నూ ఫార్మాట్ చేయొద్దు." తెలిసిన టెక్నీషియన్‌కు ఇది చిన్న పని.

వీలైతే మీ ఎదురుగానే చేయమనండి. వదిలి రావాల్సి వస్తే రెండు డ్రైవ్‌ల సీరియల్ నంబర్లు కనిపించేలా ఫొటో తీసుకోండి. ఏం చేయాలో, ఏం చేయకూడదో రసీదు మీద రాయించుకోండి. పాత డ్రైవ్ తీసేస్తే దాన్ని తిరిగి అడిగి తీసుకోండి. అందులో మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, కుటుంబ ఫొటోలు ఉంటాయి. బిల్లు ఉంటే, పనిలో లోపం జరిగినప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఈ కంగారులో ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన 'కస్టమర్ కేర్' నంబర్లకు ఫోన్ చేయకండి. తెర మీద హెచ్చరిక వచ్చి, కింద ఫోన్ నంబర్ ఉంటే అది మోసమే. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబర్లు ఇవ్వదు. ఎవరో చెప్పారని స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకుని డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కు కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

పాత డ్రైవ్‌ను చివరికి ఏం చేయాలి?

పాత డ్రైవ్ లేకుండా కంప్యూటర్ కనీసం రెండు మూడు వారాలు సాఫీగా నడవనివ్వండి. ఆలోగా అవసరమైన ఫైళ్లన్నీ కొత్త డ్రైవ్‌లోకీ, మరోచోటికీ కాపీ అయ్యాయో లేదో సరిచూసుకోండి. అప్పుడే దాన్ని చెరిపి, ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి వాడుకోవచ్చు.

అమ్మేస్తే గానీ, పాత సామాను వాళ్లకు ఇచ్చేస్తే గానీ 'క్విక్ ఫార్మాట్' సరిపోదు. పైపేర్లు మాత్రమే పోయి, లోపలి సమాచారాన్ని తిరిగి తీసే వీలుంటుంది. హార్డ్‌డిస్క్ అయితే 'క్విక్ ఫార్మాట్' టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. గంటల సమయం పట్టినా ఫర్వాలేదు. ఎస్‌ఎస్‌డీ అయితే తయారీ కంపెనీ ఇచ్చే టూల్‌లో 'సెక్యూర్ ఎరేజ్' వాడండి. పూర్తిగా పాడైన డ్రైవ్‌ను చెత్తబుట్టలో కాకుండా, గుర్తింపు పొందిన ఈ-వేస్ట్ కేంద్రానికి ఇవ్వండి.

చెరిపే బటన్ నొక్కేముందు మాత్రం టాస్క్ మేనేజర్ మరోసారి తెరిచి, 'సీ' ఏ డ్రైవ్‌లో ఉందో చూసుకోండి. ఈ మొత్తం వ్యవహారంలో వెనక్కి తీసుకోలేని పని అదొక్కటే.